వీడియోలు వేల గంటలు, పేజీ నంబర్లు సున్నా

మన యూనివర్సిటీల్లో ఎవరినైనా "మీ దగ్గర వీడియోలు ఏమున్నాయండీ?" అని అడిగి చూడండి. జవాబు గంటల్లో వస్తుంది. ఇన్ని వేల గంటల పాఠాలు, ఇన్ని వందల గంటల సెమినార్లు అని. పుస్తకాల గురించి అడిగితే మాత్రం ఇలా చెప్పరు. "మా లైబ్రరీలో నలభై టన్నుల పుస్తకాలున్నాయి" అన్న లైబ్రేరియన్ని నేనింతవరకూ చూళ్ళేదు. కేటలాగు చూపిస్తాడు, ఏ బీరువాలో ఏ వరసలో ఉందో చెప్తాడు, సంతకం పెట్టించుకుని పుస్తకం చేతిలో పెడతాడు.

వీడియోని మాత్రం తూకానికి అమ్మే పాత పేపర్లలాగా లెక్కేస్తున్నాం. ఎన్ని గంటలు అన్నది సర్వర్లు కొనే వాడికి కావాల్సిన లెక్క. చదువుకునేవాడికి, పరిశోధన చేసేవాడికి కావాల్సింది వేరు. నాకు కావాల్సిన మూడు నిమిషాలు ఎక్కడున్నాయి? ఇది అసలు ప్రతేనా, ఎవరైనా కత్తిరించిందా? నా థీసిస్ లో దీన్ని ఉదహరిస్తే పదేళ్ళ తర్వాత ఇంకొకడు అదే చోటు తెరిచి చూడగలడా? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు లేని వీడియోల గుట్టకి "డిజిటల్ లైబ్రరీ" అని బోర్డు కట్టడం ఆపాలన్నది నా వాదన.

ఏ ప్రతి? ఎన్నో నిమిషం?

ఇదేదో లైబ్రరీ సైన్సు వాళ్ళ చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక ఫిజిక్సు కథ చెప్తాను. అమెరికాలో టకోమా నేరోస్ వంతెన 1940 నవంబరు 7న గాలికి మెలికలు తిరిగి కూలిపోయింది. ఆ ఫిల్ము చూడని ఇంజినీరింగు విద్యార్థి ఉండడు. క్లాసులో వేసి "ఇదిగో అనునాదం" అని చెప్పటం దశాబ్దాల ఆనవాయితీ. అది మామూలు అనునాదం కాదు, గాలికీ వంతెన కదలికకీ మధ్య పుట్టే వేరే రకం అస్థిరత అని 1991లోనే బిల్లా, స్కాన్లన్ ఒక వ్యాసంలో వివరించారు. అది ఒకెత్తు. 2015లో ఇంకో సంగతి బయటపడింది. ఆ ఫిల్ము తీసింది సెకనుకి 16 ఫ్రేముల వేగంతో. తర్వాత చలామణీలోకొచ్చిన వీడియోలేమో 24 ఫ్రేముల లెక్కన మార్చినవి. అంటే వంతెన ఒకటిన్నర రెట్లు వేగంగా ఊగుతూ కనిపిస్తోంది. ఆ రోజు స్టాప్ వాచీతో లెక్కపెట్టిన వాళ్ళు నిమిషానికి 12 ఊపులన్నారు. వీడియోలో లెక్కపెడితే 18.

ఇప్పుడు ఆలోచించండి. ఎన్ని కాలేజీల్లో, ఎంతమంది పిల్లలు ఆ వీడియో చూసి ఊపులు లెక్కపెట్టి రికార్డులో రాసుంటారు? ఎవరి తప్పూ కాదు. వీడియో పక్కన "మూల ఫిల్ము 16 ఫ్రేములు, ఈ ప్రతి 24" అని ఒక్క వాక్యం లేకపోవటం వల్ల వచ్చిన తంటా. ఆ ఒక్క వాక్యాన్నే మెటాడేటా అంటారు. మన కలెక్షన్లలో లేనిది అదే.

మన దగ్గరికొద్దాం. మాయాబజార్ సంగతి చూడండి. 1957లో వచ్చిన నలుపు తెలుపు సినిమా. దానికి రంగులద్ది 2010లో మళ్ళీ విడుదల చేశారు. రంగు ఒక్కటే కాదు, పాత చదరపు ఫ్రేముని సినిమాస్కోపు వెడల్పుకి మార్చారు. మార్కస్ బార్ట్‌లే వెలుగునీడల మీదో, కె.వి.రెడ్డి ఫ్రేములో పాత్రల్ని నిలబెట్టే పద్ధతి మీదో ఒకమ్మాయి ఎంఫిల్ చేసిందనుకోండి. ఆమె చూసింది ఏ మాయాబజార్? రంగుల ప్రతి చూసి "ఈ షాటులో పైన ఖాళీ వదల్లేదు" అని రాస్తే ఆ ఖాళీ తీసేసింది కె.వి.రెడ్డి కాదు, 2010లో కంప్యూటరు ముందు కూర్చున్నాయన. గైడుకి తెలీదు, పరీక్షకుడికీ తెలీదు. ఎందుకంటే గ్రంథసూచిలో "మాయాబజార్, 1957" అని ఉంటుంది. అంతే. పుస్తకమైతే ఏ ముద్రణ, ఎన్నో పేజీ అని రాయకపోతే ఒప్పుకోరు కదా. సినిమాకి, ఇంటర్వ్యూకి, పాఠానికి ఎందుకు ఒప్పుకుంటున్నారు?

"యూట్యూబులో ఉందిగా!"

ఇది అందరూ అనే మొదటి మాట. ఉంది నాయనా, ఇవాళ ఉంది. రేపు ఆ ఛానెల్ వాడికి మూడు కాపీరైటు దెబ్బలు పడితే అకౌంటే ఎగిరిపోతుంది. యూనివర్సిటీ ఈమెయిలు మారి పాస్‌వర్డు పోయినా, అప్‌లోడు చేసినాయన రిటైరైనా అంతే. లింకు నొక్కితే "ఈ వీడియో అందుబాటులో లేదు" అని వస్తుంది. దాని పేరేంటో కూడా చెప్పదు.

నేను ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. మా పనిలో ఒక చిన్న లైబ్రరీ వాడినా దాని వర్షన్ నంబరు రాసిపెట్టుకుంటాం. ఎక్కడో ఎవడో దాన్ని తీసేస్తే మా ప్రోగ్రాము కూలిపోకుండా ఒక నకలు మా దగ్గర ఉంచుకుంటాం. పిజ్జా ఆర్డరు చేసే అప్లికేషనుకే ఇంత జాగ్రత్త పడుతుంటే, డాక్టరేటు పట్టా ఇచ్చే పరిశోధనకి "లింకు పెట్టాం, చూస్కోండి" సరిపోతుందా? :-)

యూట్యూబు ఒక సంత. సంతలో అన్నీ దొరుకుతాయి, మంచివీ దొరుకుతాయి. కానీ వచ్చే వారం అదే దుకాణం అదే చోట ఉంటుందని ఎవరూ రాసివ్వరు. లైబ్రరీ పని ఆ రాసివ్వటమే.

ఒక ఇన్సూరెన్సు ఆయన చేసిన పని

అమెరికాలో నాష్‌విల్‌లో పాల్ సింప్సన్ అని ఒకాయన ఉండేవాడు. ప్రొఫెసరు కాదు, ఇన్సూరెన్సు ఉద్యోగి. టీవీ వార్తలు జనాన్ని ఎటు నడిపిస్తున్నాయో అని ఆయనకో అనుమానం. 1968లో న్యూయార్కు వెళ్ళి టీవీ నెట్‌వర్కుల వాళ్ళని "మీ పాత వార్తలు ఎక్కడ చూడొచ్చు?" అని అడిగాడు. రెండు వారాలుంచి చెరిపేస్తాం, టేపులు ఖరీదు కదా అన్నారు. ఆయన వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళని ఒప్పించి, 1968 ఆగస్టు 5 నుంచి మూడు నెట్‌వర్కుల సాయంత్రం వార్తలు రికార్డు చేయించటం మొదలుపెట్టాడు. ఆ నెలాఖర్లోనే షికాగోలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ, వీధుల్లో పోలీసులు, లాఠీలు. ఇవాళ ఆ రాత్రి జనం టీవీలో ఏం చూశారో తెలుసుకోవాలంటే దారి ఉంది. ఎందుకంటే ఒకాయన అప్పుడు టేపు తిప్పాడు.

ఊరికే టేపులు దాచిపెట్టి ఊరుకోలేదు. ప్రతి వార్తకీ సారాంశం రాయించారు, అది ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి వచ్చిందో రాయించారు. పరిశోధకులకి టేపులు అద్దెకి పంపారు. 1973లో సీబీఎస్ వాళ్ళు కోర్టుకి లాగారు. యూనివర్సిటీ భయపడి టేపులు తగలబెట్టలేదు, నిలబడింది. 1976 నాటి అమెరికన్ కాపీరైటు చట్టంలో గ్రంథాలయాలు వార్తా ప్రసారాల్ని రికార్డు చేసి అరువివ్వొచ్చని ఒక వాక్యం చేరింది. ఆ కేసు అక్కడితో ముగిసింది.

మిగతా దేశాలు ఎవరి దారిలో వాళ్ళు ఇదే చేశారు. ఫ్రాన్సులో 1992 చట్టంతో రేడియో, టీవీ ప్రసారాలకి కూడా పుస్తకాల్లాగే ఒక ప్రతి అప్పగించే నియమం పెట్టారు. బ్రిటన్లో 1988 కాపీరైటు చట్టం విద్యాసంస్థలు ప్రసారాల్ని రికార్డు చేసుకోటానికి దారి ఇచ్చింది. దాని మీద ఆధారపడి యూనివర్సిటీల కోసం "బాక్స్ ఆఫ్ బ్రాడ్‌కాస్ట్స్" అనే ఉమ్మడి సేవ కట్టారు. కావాల్సిన ముక్క కత్తిరించి క్లాసుకి ఇచ్చే ఏర్పాటుతో సహా. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012లో టీవీ వార్తల్ని అందులో మాట్లాడిన మాటలతోనే వెతికే సౌకర్యం పెట్టింది.

మరి మన 2009 డిసెంబరు 9?

ఆ రోజు రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని చిదంబరం ప్రకటించారు. రెండు ప్రాంతాల్లోనూ జనం టీవీల ముందే ఉన్నారు. అప్పట్నుంచి 2014 జూన్ 2 దాకా ఆ ఉద్యమం, దానికి ఎదురు ఉద్యమం రెండూ తెలుగు వార్తా ఛానెళ్ళలో ఇరవై నాలుగ్గంటలూ నడిచాయి. ఏ దృశ్యం పదిసార్లు వేశారు, ఏది అసలు వెయ్యలేదు, ఒకే సభని ఒక ఛానెల్ లక్ష మంది అంటే ఇంకోటి ఎంత అంది, స్క్రోలింగులో ఏ మాట వాడారు... ఇవన్నీ చరిత్రకి ముడిసరుకు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు ఆమోదం పొందే సమయంలో ప్రత్యక్ష ప్రసారమే ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. ఆ నల్లటి తెర కూడా ఒక చారిత్రక పత్రమే. ఆ గంటలో ఏ తెలుగు ఛానెల్ దాని స్థానంలో ఏం చూపించింది?

2040లో ఒక పిల్ల ఈ విషయం మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఏం చేస్తుంది? ఆనాటి దినపత్రికలు దొరుకుతాయి. ఎందుకంటే మనకి 1954లోనే ఒక చట్టం ఉంది, పుస్తకం అచ్చువేసిన ప్రతివాడూ నాలుగు గ్రంథాలయాలకి ప్రతులు పంపాలని. పత్రికల్ని 1956లో చేర్చారు. టీవీని ఎప్పుడూ చేర్చలేదు. సినిమాలకీ అలాంటి నియమం లేదు. కాబట్టి ఆ పిల్ల ఛానెల్ ఆఫీసు గుమ్మం ముందు నిలబడాలి. ఛానెలు ఉండాలి, యజమాని మారకుండా ఉండాలి, వాళ్ళు దాచిపెట్టి ఉండాలి, దాచినా ఇవ్వటానికి మనసొప్పాలి. ఇన్ని "ఉండాలి"ల మీద ఒక జాతి జ్ఞాపకాన్ని నిలబెట్టాం.

రెండు రాష్ట్రాల్లో ఇన్ని యూనివర్సిటీలున్నాయి, జర్నలిజం శాఖలున్నాయి, చరిత్ర శాఖలున్నాయి. కేటలాగు రాసి, పదిమందికీ అందేలా ఆ వార్తలు దాచిపెట్టిన శాఖ ఒక్కటి కూడా నాకు కనపళ్ళేదు.

పాఠాల సంగతి

మనవాళ్ళకి వీడియో కొత్తేం కాదు. 1975-76లో సైట్ ప్రయోగంలో ఉపగ్రహం నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లెలకి తెలుగు కార్యక్రమాలు వచ్చాయి. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ వాళ్ళ కంట్రీవైడ్ క్లాస్‌రూమ్ దూరదర్శన్‌లో వచ్చేది. హైదరాబాదులోనే ఉస్మానియాలో ఒకటి, అప్పటి సీఫెల్‌లో ఒకటి, ఇలాంటి కార్యక్రమాలు తీసే కేంద్రాలు పెట్టారు. 2003లో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి. 2017లో స్వయం, స్వయంప్రభ వచ్చాయి. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చేసినా క్రెడిట్లు ఇవ్వొచ్చని యూజీసీ 2021లో అంది.

ఎన్‌పీటీఈఎల్‌కి నేను దణ్ణం పెడతాను. పాఠాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇచ్చారు. మాట్లాడిందంతా అక్షరాల్లో పెట్టారు, కొన్నిటికి తెలుగు అనువాదం కూడా చేశారు. పల్లెటూరి ఇంజినీరింగు కాలేజీల్లో లెక్చరరు లేని సబ్జెక్టులు దాంతోనే గట్టెక్కాయి. నా గొడవ దాన్ని వాడే పద్ధతితో. "లెక్చర్ 23 చూసి రండి" అనేస్తారు. యాభై నిమిషాల దిమ్మ పిల్లల నెత్తిన పెట్టటం పాఠం చెప్పటం కాదు. అందులో 18వ నిమిషం నుంచి నాలుగు నిమిషాలు క్లాసులో వేసి, ఆపి, "ఇక్కడ ఆయన ఏ ఊహ చేసుకున్నాడు? మన ఊరి చెరువు కట్టకి అది వర్తిస్తుందా?" అని అడగటం పాఠం. ఆ లైసెన్సు కత్తిరించుకోవచ్చు అంటోంది. తెలుగులో వ్యాఖ్య జోడించుకోవచ్చు అంటోంది. ఎంతమంది చేశారు? అలా కత్తిరించిన ముక్కలు, వాటి పక్కన వేసిన ప్రశ్నలు ఒకచోట చేర్చి పక్క కాలేజీకి ఇచ్చినవాళ్ళెవరు? ప్రతి లెక్చరరూ ప్రతి ఏడూ మళ్ళీ మొదట్నుంచి వెతుక్కుంటున్నాడు.

"కాపీరైటండీ బాబూ..."

రెండో సాకు ఇది. నేను లాయర్ని కాను గానీ చదవటం వచ్చు. మన 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షన్ తీసి చూడండి. నిజమైన బోధన కోసం, పరిశోధన కోసం మాత్రమే ప్రసారాన్ని రికార్డు చేసుకుంటే అది ప్రసారకర్త హక్కుకి భంగం కాదని ఉంది. 52వ సెక్షన్లో విద్యాసంస్థ తన విద్యార్థులకీ, అధ్యాపకులకీ సినిమా ప్రదర్శించొచ్చని ఉంది. పాఠం చెప్పే క్రమంలో గురువు గానీ శిష్యుడు గానీ నకలు తీసుకోవచ్చని ఉంది. ఈ చివరి నియమం మీదే ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్సు షాపు కేసు నడిచింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి వాళ్ళు దావా వేస్తే 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షాన తీర్పిచ్చింది. ఇక సినిమా కాపీరైటు 60 ఏళ్ళు. ఆ లెక్కన మాయాబజార్‌కి సినిమాగా గడువు 2017తో తీరింది (పాటల, మాటల హక్కులు వేరే లెక్క).

దీనర్థం అన్నీ తెచ్చి జాలంలో గుమ్మరించమని కాదు. అది చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. క్యాంపస్‌లో, లాగిన్ వెనకాల, చదువుకోటానికి అన్నంతవరకూ దారి ఉంది. ఆ దారిలో ఒక్క అడుగైనా వేసి, ఎవరైనా అడ్డం వస్తే "ఇదిగో సెక్షన్" అని చూపించిన వైస్ చాన్సలరు కావాలి. అడక్కుండానే భయపడేవాళ్ళు మనకి సరిపడా ఉన్నారు.

"బడ్జెట్ లేదు"

మూడో సాకు. ఇది నా సబ్జెక్టు కాబట్టి లెక్క చెప్తాను. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున కుదిస్తే గంట వీడియో 450 మెగాబైట్లు. అర్థమయ్యే నాణ్యత ఉంటుంది, వార్తల పరిశోధనకి చాలు. రోజూ రాత్రి అరగంట వార్తలు, ఏడాదికి సుమారు 182 గంటలు, అంటే 82 గిగాబైట్లు. పది ఛానెళ్ళు తీసుకోండి, 820 గిగాబైట్లు. ఇరవై ఏళ్ళకి 16 టెరాబైట్ల చిల్లర. ఇరవై ఏళ్ళ తెలుగు వార్తలు ఇవాళ బజార్లో దొరికే ఒక్క హార్డ్ డిస్కులో పడతాయి! మూడు ఊళ్ళలో మూడు నకళ్ళు పెట్టి, నాలుగైదేళ్ళకోసారి డిస్కులు మార్చినా, ఒక స్నాతకోత్సవానికి వేసే షామియానా ఖర్చుతో పోల్చదగ్గ వ్యవహారం.

సాఫ్ట్‌వేరు కొనక్కర్లేదు. వీడియోకి సెకను సెకనుకీ వ్యాఖ్యలు రాసుకునే పద్ధతితో 2008లో పాడ్‌మా అనే ఆర్కైవు మన దేశంలోనే మొదలైంది, దాని వెనక నడిచే పాన్‌డోరా ఓపెన్ సోర్సు. లింకు చివర సెకన్ల సంఖ్య తగిలిస్తే సరిగ్గా అక్కడే తెరుచుకునే ప్రమాణం 2012 నుంచీ ఉంది. మాటని అక్షరాల్లోకి మార్చే మోడళ్ళు తెలుగుకీ వచ్చాయి. తప్పులు చేస్తాయి నిజమే, ముఖ్యంగా యాసలకి. దిద్దే పని తెలుగు ఎమ్మే, జర్నలిజం పిల్లలకి ప్రాజెక్టుగా ఇవ్వండి. వాళ్ళకి మార్కులు, మనకి సూచిక.

ఖర్చయ్యేది మనిషికి. కూర్చుని, చూసి, పేరు, తేదీ, స్థలం, మాట్లాడేది ఎవరు, ఏ నిమిషంలో ఏముంది అని రాసే మనిషికి. హోలోకాస్టు బాధితుల సాక్ష్యాలు 50 వేలకి పైగా రికార్డు చేసిన షోవా ఫౌండేషన్ వాళ్ళు ఒక్కో నిమిషం చొప్పున సూచిక తయారుచేయించారు. అందుకే అది ఇవాళ క్లాసురూముల్లో పనికొస్తోంది. లేకపోతే కొన్ని ఏళ్ళ పాటు ఏకబిగిన చూసినా పూర్తికాని ఏడుపు మాత్రమే మిగిలేది.

బీరువాలో ఎండిపోతున్నవి

వార్తల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటుంది. జానపద కళల మీద, గిరిజన భాషల మీద, రైతుల మీద మన దగ్గర వచ్చిన థీసిస్‌లు చూడండి. ఊరూరా తిరిగి చిందు యక్షగానాలూ, తోలుబొమ్మలాటలూ, ముసలివాళ్ళ మాటలూ కెమెరాతో పట్టుకొచ్చిన వాళ్ళున్నారు. థీసిస్ నకలు శోధ్‌గంగకి ఇవ్వాలని యూజీసీ నిబంధన పెట్టింది. చాలా మంచి పని. కానీ ఆ థీసిస్‌కి పునాది అయిన వీడియో? అది పరిశోధకుడి ఇంట్లో అట్టపెట్టెలో ఉంటుంది. పట్టా చేతికొచ్చాక దాని గురించి అడిగే నాథుడు లేడు.

టేపు తరం వాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం. వీహెచ్‌ఎస్ ప్లేయర్లు చేసే చివరి కంపెనీ ఫునాయి 2016లో మానేసింది. మాగ్నెటిక్ టేపుల్ని డిజిటల్ చేసుకోటానికి 2025 చుట్టుపక్కల దాకానే వీలుంటుందని 2019లో యునెస్కో వాళ్ళు హెచ్చరించారు. ఆ గడువూ దాటాం. టేపు బాగున్నా తిప్పే మిషను లేదు, మిషను ఉన్నా బాగుచేసే మనిషి లేడు. టేపులో పాడిన కళాకారుడు ఎప్పుడో పోయుంటాడు. ఆ మేళంలో ఆ తర్వాత నేర్చుకున్నవాళ్ళు లేకపోతే ఆ టేపే ఆఖరి ప్రతి.

చేయాల్సింది

మంత్రిత్వశాఖ కదలాలి, కేంద్రం నిధులివ్వాలి అని నేననను. ఒక్క యూనివర్సిటీ, ఒక్క లైబ్రేరియను, ఒక్క శాఖ చాలు.

1. వీడియోని ఉదహరించే థీసిస్ లో ఏ ప్రతి, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నది రాయకపోతే తిప్పి పంపండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

2. థీసిస్‌తో పాటు ఫీల్డు రికార్డింగులూ లైబ్రరీకి ఇవ్వాలని నియమం పెట్టండి. అందులో ఉన్నవాళ్ళ అనుమతి పత్రంతో సహా. బయటపెట్టకూడనివి తాళం వేసి ఉంచండి, కానీ ఉంచండి.

3. రోజూ రాత్రి తెలుగు వార్తలు రికార్డు చేయటం ఈ నెలలోనే మొదలుపెట్టండి. పోయినవి పోయాయి.

4. ప్రతి వీడియోకీ మారని ఒక నంబరు ఇవ్వండి, మూడు చోట్ల ఉంచండి. యూట్యూబులో పెడితే అది నాలుగో నకలు అవ్వాలి, మొదటిది కాదు.

5. సూచిక రాసే పనిని పరిశోధనగా గుర్తించండి. వంద గంటల జానపద వీడియోకి నిమిషం నిమిషం సూచిక రాసినవాడి శ్రమ, ఎవరూ చదవని జర్నల్లో వేసుకున్న రెండు వ్యాసాల కన్నా తక్కువేం కాదు.

చివరగా, నాక్ కమిటీ వచ్చినప్పుడు చూపించటానికి స్మార్ట్ బోర్డులూ, స్టూడియోలూ కట్టే పెద్దలకి ఒక విన్నపం. స్టూడియో అంటే వీడియో పుట్టే చోటు. పురుడు పోయటానికి ఇన్ని ఏర్పాట్లు చేసి, పుట్టినదానికి పేరు కూడా పెట్టకుండా వదిలేయటం ఎక్కడి ధర్మం? ముందు ఉన్నవాటికి పేరు పెట్టండి, తేదీ వెయ్యండి, అడిగినవాడికి అరువివ్వండి. మీ కలెక్షన్ ఎంతుందని ఈసారి ఎవరైనా అడిగితే గంటలు చెప్పకండి, కేటలాగు చూపించండి.